‘సర్వర్ డౌన్’ అన్న మాటకు సాక్ష్యం ఏమిటి? సర్వర్‌కూ వినియోగదారుని కంప్యూటర్‌కూ మధ్య అనుసంధాన పరీక్షలు

సారాంశం

వెబ్‌సైటు తెరుచుకోనప్పుడు ‘సర్వర్ డౌన్’ అని తేల్చి చెప్పడం వాడుకగా మారింది. వినియోగదారుని కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య ఉన్న దారిలో అనేక అంచెలు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి తెగినా తెర మీద కనిపించే ఫలితం దాదాపు ఒకే రకంగా ఉంటుంది. తెగిన అంచెను గుర్తించడానికి వాడే పింగ్, పేరు విచారణ, పోర్టు పరీక్ష, ట్రేస్‌రూట్ మొదలైన పరీక్షలు ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు సమాధానం ఇస్తాయో, ఏ ప్రశ్నకు ఇవ్వలేవో ఈ వ్యాసం వివరిస్తుంది. వచ్చిన సమాధానం ఒక విషయాన్ని రుజువు చేస్తుంది గాని, రాని సమాధానం తనంతట తానుగా దేనినీ రుజువు చేయదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: అనుసంధానం, పింగ్, ట్రేస్‌రూట్, పోర్టు, డీఎన్‌ఎస్, ప్యాకెట్ నష్టం, ఫైర్‌వాల్.

1. ప్రస్తావన

రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం ముందు, రిజిస్ట్రేషన్ కార్యాలయం వరండాలో, దరఖాస్తులు నింపే ఇంటర్నెట్ కేంద్రంలో ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అన్న మాట వినని వారు తెలుగు ప్రాంతాల్లో అరుదు. ఆ మాట విన్నవారికి దానిని ప్రశ్నించే ఆధారం ఉండదు. కూలి మానుకొని వచ్చినవారు ఆ రోజు సంపాదన పోగొట్టుకొని తిరిగి వెళతారు. దరఖాస్తుకు అదే చివరి తేదీ అయితే ఒక విద్యార్థి ఏడాది కాలాన్నే కోల్పోవచ్చు.

ఈ మాట చాలా సందర్భాల్లో అబద్ధం కాదు. అయితే అది పరిశీలించి చెప్పిన మాట కూడా కాదు. తెర మీద పేజీ రాలేదన్నది మాత్రమే చూసిన విషయం. సర్వర్ పనిచేయడం లేదన్నది ఊహ. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పూరించడమే అనుసంధాన పరీక్షల పని. సర్వర్ నిజంగా ఆగిపోయి ఉంటే వేచి ఉండటం తప్ప గత్యంతరం లేదు. లోపం ఆ కేంద్రంలోని రౌటర్‌లోనో, కంప్యూటర్ గడియారంలోనో ఉంటే నిమిషాల్లో సరిదిద్దవచ్చు, లేదా పక్క కేంద్రానికి వెళ్లి పని పూర్తి చేసుకోవచ్చు. కనుక లోపం ఎక్కడ ఉందన్న ప్రశ్న సాంకేతిక నిపుణులకే కాక సామాన్యులకు కూడా సంబంధించినది.

2. దారిలోని అంచెలు

ఒక చిరునామాను బ్రౌజర్‌లో టైపు చేసిన తరువాత జరిగే పనులు ఒక వరుసలో ఉంటాయి. మొదట కంప్యూటర్ తన దగ్గరి రౌటర్‌ను చేరుకోవాలి. రౌటర్ ఇంటర్నెట్ సంస్థ వ్యవస్థను చేరుకోవాలి. వెబ్‌సైటు పేరుకు సరిపడే ఐపీ చిరునామాను డీఎన్‌ఎస్ వ్యవస్థ చెప్పాలి. ఆ చిరునామా వైపు బయలుదేరిన ప్యాకెట్లు అనేక రౌటర్లను దాటి సర్వర్ ఉన్న ప్రాంగణానికి చేరాలి. అక్కడి ఫైర్‌వాల్ వాటిని అనుమతించాలి. సర్వర్ యంత్రంలో తగిన పోర్టు వద్ద ఒక ప్రోగ్రామ్ ఎదురు చూస్తూ ఉండాలి. భద్రతా ధ్రువపత్రం సరిపోలాలి. చివరకు ఆ ప్రోగ్రామ్ తన డేటాబేస్‌ను సంప్రదించి పేజీని తయారు చేసి పంపాలి.

ఇందులో రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది, ‘సర్వర్’ అని మనం పిలిచేది ఈ వరుసలో చివరి రెండు మూడు అంచెలు మాత్రమే. రెండవది, ప్యాకెట్లు వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి ఒకటే కానవసరం లేదు. ఇంటర్నెట్‌లో ప్రతి సంస్థా తన నుంచి బయటికి వెళ్లే ప్యాకెట్ల దారిని తానే నిర్ణయించుకుంటుంది. అందువల్ల మన అభ్యర్థన సర్వర్‌ను చేరినా, దాని సమాధానం తిరుగుదారిలో పోవచ్చు. ఇవతలి నుంచి చూసేవారికి ఈ రెండు స్థితులకూ తేడా తెలియదు.

3. పింగ్: ఒక ప్రతిధ్వని చెప్పేది

అనుసంధాన పరీక్షలలో అందరికీ తెలిసినది పింగ్. దీనికి ఆధారమైన ఐసీఎంపీ ప్రోటోకాల్‌ను జాన్ పోస్టెల్ 1981 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 792 అనే పత్రంలో నిర్వచించాడు. అందులో ‘ప్రతిధ్వని అభ్యర్థన’, ‘ప్రతిధ్వని సమాధానం’ అనే రెండు సందేశాలు ఉన్నాయి. అభ్యర్థన అందుకున్న యంత్రం అందులోని సమాచారాన్ని యథాతథంగా తిప్పి పంపాలి. ఈ సదుపాయాన్ని ఉపయోగించుకొని అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న మైక్ మూస్ 1983 డిసెంబరులో పింగ్ ప్రోగ్రామ్‌ను రాశాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ పంపే ధ్వనిని బట్టి దానికి ఆ పేరు పెట్టాడు.

పింగ్ ప్రతి అభ్యర్థనకు ఒక వరుస సంఖ్య ఇస్తుంది. సమాధానం వచ్చేవరకు పట్టిన కాలాన్ని కొలుస్తుంది. ఈ కాలాన్ని అర్థం చేసుకోవడానికి ఒక భౌతిక పరిమితి సహాయపడుతుంది. గాజు తంతువులో కాంతి వేగం సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ముంబయి సరళరేఖలో సుమారు 620 కిలోమీటర్లు గనుక రానుపోను ప్రయాణానికి కనీసం 6 మిల్లీసెకన్లు పడుతుంది. అమెరికా తూర్పు తీరంలోని వర్జీనియా సుమారు 13,000 కిలోమీటర్ల దూరం గనుక అక్కడి సర్వర్ నుంచి 130 మిల్లీసెకన్లకు ముందు సమాధానం రావడం అసాధ్యం. కేబుళ్లు సరళరేఖలో ఉండవు గనుక వాస్తవ కాలం ఇంకా ఎక్కువ. అమెరికాలో ఉందని చెప్పే సర్వర్ నుంచి 8 మిల్లీసెకన్లలో సమాధానం వస్తే, సమాధానమిచ్చినది దగ్గరలోని మరొక యంత్రమని అర్థం. పెద్ద వెబ్‌సైట్లు తమ పేజీల నకళ్లను అనేక నగరాల్లో ఉంచడం వల్ల ఇది తరచు కనిపించే విషయమే.

పింగ్‌కు సమాధానం వస్తే మనకు రుజువయ్యే విషయం ఒకటే: ఆ చిరునామా వరకు వెళ్లి రావడానికి ఆ క్షణంలో ఆ రకం ప్యాకెట్లకు దారి ఉంది. సర్వర్‌లోని వెబ్ ప్రోగ్రామ్ నడుస్తున్నదో లేదో పింగ్ చెప్పలేదు. ప్రతిధ్వనిని తిప్పి పంపేది ఆపరేటింగ్ సిస్టమ్ గాని వెబ్ ప్రోగ్రామ్ కాదు. వెబ్ ప్రోగ్రామ్ పూర్తిగా ఆగిపోయినా పింగ్‌కు చక్కగా సమాధానం రావచ్చు.

ఫలితాన్ని చదవడంలో కూడా జాగ్రత్త అవసరం. విండోస్‌లో కొన్నిసార్లు ‘గమ్యం చేరరానిది’ అనే సందేశం వరుసగా నాలుగుసార్లు వస్తుంది. దాని పక్కన ఉన్న చిరునామా సర్వర్‌ది కాక మన కంప్యూటర్‌దే అయితే, ప్యాకెట్ మన గది దాటనే లేదని అర్థం. అయినా కింది లెక్కలో విండోస్ ఆ సందేశాలను కూడా అందిన సమాధానాలుగా లెక్కించి నష్టం 0 శాతమని చూపుతుంది. చివరి వరుస మాత్రమే చూసేవారు అనుసంధానం బాగున్నదని పొరబడతారు.

4. మౌనం, తిరస్కారం

పింగ్‌కు సమాధానం రాకపోతే ఏమని అర్థం? సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు. దారి తెగి ఉండవచ్చు. తిరుగుదారి మాత్రమే తెగి ఉండవచ్చు. లేదా అంతా సక్రమంగా ఉండి, సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ ప్రతిధ్వని అభ్యర్థనలను ఉద్దేశపూర్వకంగా పారవేస్తూ ఉండవచ్చు. 1990ల చివరి భాగంలో ప్రతిధ్వని సందేశాలను ఆయుధంగా చేసుకొని జరిగిన దాడుల తరువాత ఇటువంటి నిరోధం చాలా చోట్ల అలవాటుగా మారింది. ఈనాటికీ సక్రమంగా పనిచేసే ఎన్నో వెబ్‌సైట్లు పింగ్‌కు సమాధానం ఇవ్వవు. కనుక పింగ్ విఫలమైనంత మాత్రాన సర్వర్ డౌన్ అనడం శాస్త్రీయం కాదు.

ఈ అనిశ్చితిని తగ్గించేది పోర్టు పరీక్ష. వెబ్‌సైట్ల భద్రమైన సంభాషణ సాధారణంగా 443వ పోర్టు ద్వారా జరుగుతుంది. టీసీపీ సంబంధం మూడు సందేశాలతో ఏర్పడుతుంది. మన కంప్యూటర్ పిలుస్తుంది, సర్వర్ ఆ పిలుపును అంగీకరిస్తూ తానూ పిలుస్తుంది, మన కంప్యూటర్ దానిని ధ్రువీకరిస్తుంది. విండోస్ పవర్‌షెల్‌లోని టెస్ట్-నెట్‌కనెక్షన్, లినక్స్‌లోని నెట్‌క్యాట్ వంటి సాధనాలు ఈ సంబంధం ఏర్పడుతుందో లేదో చూపుతాయి. దీనికి మూడు ఫలితాలు సాధ్యం.

మొదటిది, సంబంధం ఏర్పడటం. అప్పుడు దారి, ఫైర్‌వాల్, పోర్టు మూడూ సరిగా ఉన్నట్లే. ఇక లోపం ఉంటే ప్రోగ్రామ్‌లోనో, దాని వెనుక ఉన్న డేటాబేస్‌లోనో వెతకాలి.

రెండవది, వెంటనే ‘సంబంధం తిరస్కరించబడింది’ అని రావడం. ఇది వైఫల్యంగా కనిపించినా విలువైన సమాచారం ఇస్తుంది. తిరస్కరించడానికైనా ఒక యంత్రం బతికి ఉండాలి. సాధారణంగా సర్వర్ యంత్రం నడుస్తున్నదని, ఆ పోర్టు వద్ద ఏ ప్రోగ్రామూ ఎదురు చూడటం లేదని దీని అర్థం. కొన్ని ఫైర్‌వాళ్లు కూడా ఇలా తిరస్కరిస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

మూడవది, మౌనం. మన కంప్యూటర్ మొదటి పిలుపుకు సమాధానం రాకపోతే కొద్దిసేపు ఆగి, ఆ వ్యవధిని పెంచుకుంటూ మళ్లీ మళ్లీ పిలుస్తుంది. చివరకు ‘సమయం మించిపోయింది’ అని విరమించుకుంటుంది. ఇక్కడ కారణం దారిలో ఉండవచ్చు, ఫైర్‌వాల్‌లో ఉండవచ్చు, యంత్రంలోనే ఉండవచ్చు.

తిరస్కారానికీ మౌనానికీ ఉన్న ఈ తేడా పరీక్షకుడికి చాలా ఉపయోగపడుతుంది. వెంటనే వచ్చిన ‘కాదు’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవచ్చు. ఆలస్యంగా తేలిన మౌనానికి మూలం చెప్పడానికి మరొక పరీక్ష కావాలి.

5. పేరు దొరకనప్పుడు

సర్వర్, దారి రెండూ బాగున్నా, పేరుకు చిరునామా దొరకకపోతే వినియోగదారునికి వెబ్‌సైటు లేనట్టే. దీనికి 2021 అక్టోబరు 4న జరిగిన ఫేస్‌బుక్ అంతరాయం మంచి ఉదాహరణ. భారత కాలమానం ప్రకారం రాత్రి 9 గంటలు దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. ఆ సంస్థ తరువాత ఇచ్చిన వివరణ ప్రకారం, నిర్వహణ పనిలో భాగంగా ఇచ్చిన ఒక ఆదేశం పొరపాటున వారి డేటా కేంద్రాలను కలిపే అంతర్గత నెట్‌వర్క్‌ను తెంచివేసింది. డేటా కేంద్రాలను చేరుకోలేని డీఎన్‌ఎస్ సర్వర్లు, తాము అనారోగ్య స్థితిలో ఉన్నామని భావించి, తమను చేరే దారుల ప్రకటనలను ఇంటర్నెట్ నుంచి ఉపసంహరించుకున్నాయి. ఆ డీఎన్‌ఎస్ యంత్రాలు నడుస్తూనే ఉన్నాయి. కాని వాటిని చేరే దారి ప్రపంచానికి తెలియకుండా పోయింది.

ఆ రాత్రి తమ ఫోను చెడిపోయిందేమోనని, ఇంటర్నెట్ ఆగిపోయిందేమోనని అనుమానించి పదేపదే రీస్టార్ట్ చేసినవారు మనలో ఎందరో. ఎన్ఎస్‌లుకప్ వంటి పేరు విచారణ సాధనంతో ఒక్క ప్రశ్న అడిగితే ఆ అనుమానం తీరి ఉండేది. ఇతర వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు వస్తూ, ఈ ఒక్క సంస్థ పేర్లకు మాత్రమే రాకపోతే లోపం మన వైపు లేదని తేలుతుంది.

పేరు విచారణలో కూడా వైఫల్యాలన్నీ ఒకటి కావు. ‘అటువంటి పేరు లేదు’ అన్నది ఒక నిశ్చిత సమాధానం. పేరును తప్పుగా టైపు చేసినప్పుడు, లేదా దాని నమోదు తొలగిపోయినప్పుడు ఇది వస్తుంది. ‘సర్వర్ వైఫల్యం’ అన్నది వేరు. మనం అడిగిన డీఎన్‌ఎస్ సర్వర్, అసలు సమాధానం తెలిసిన సర్వర్ నుంచి సరైన జవాబు పొందలేకపోయిందని దాని భావం. ఏ సమాధానమూ రాకపోతే మనకూ మన డీఎన్‌ఎస్ సర్వర్‌కూ మధ్యనే దారి తెగి ఉండవచ్చు. అటువంటప్పుడు మరొక డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడిగి పోల్చి చూడాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒకే పేరుకు పాత తరహా ఐపీవీ4 చిరునామా, కొత్త తరహా ఐపీవీ6 చిరునామా రెండూ ఉండవచ్చు. పింగ్ ఒకదానిని పరీక్షిస్తూ, బ్రౌజర్ మరొకదానిని వాడుతూ ఉండవచ్చు. రెండు దారులూ వేరు గనుక రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

6. ట్రేస్‌రూట్: మజిలీల వరుస

దారిలో లోపం ఉందని తేలితే, అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయడానికి ట్రేస్‌రూట్ ఉపయోగపడుతుంది. దీనిని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన వాన్ జేకబ్సన్ 1980ల చివరి భాగంలో రూపొందించాడు. ప్రతి ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అనే సంఖ్య ఉంటుంది. ప్రతి రౌటర్ ఆ సంఖ్యలో ఒకటి తగ్గిస్తుంది. అది సున్నా అయితే ప్యాకెట్‌ను పారవేసి, పంపినవారికి ‘కాలం తీరింది’ అనే సందేశం పంపుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు నెట్‌వర్క్‌లో అంతులేకుండా తిరగకుండా చేసిన ఏర్పాటు ఇది. జేకబ్సన్ దీనినే కొలమానంగా మార్చాడు. టీటీఎల్ 1గా పంపిన ప్యాకెట్ మొదటి రౌటర్ వద్ద, 2గా పంపినది రెండవ రౌటర్ వద్ద తీరిపోతాయి. అక్కడి నుంచి వచ్చే సందేశాల ద్వారా ఒక్కొక్క మజిలీ చిరునామా తెలుస్తుంది.

ఈ సాధనం ఫలితాన్ని తప్పుగా చదవడం సర్వసాధారణం. నడుమ ఒక మజిలీ వద్ద నక్షత్ర గుర్తులు కనిపిస్తే అక్కడే దారి తెగిందని చాలామంది భావిస్తారు. రౌటర్ ముఖ్య విధి ప్యాకెట్లను ముందుకు పంపడం. ‘కాలం తీరింది’ అన్న సందేశాలు తయారు చేయడం దానికి తక్కువ ప్రాధాన్యం గల పని. పని ఒత్తిడిలో ఉన్న రౌటర్ ఆ సందేశాలను తగ్గిస్తుంది, లేదా నిర్వాహకులు వాటిని పూర్తిగా ఆపివేస్తారు. అందుచేత 5వ మజిలీ మౌనంగా ఉన్నా, 6వ మజిలీ నుంచి చివరి వరకు సమాధానాలు వస్తే 5వ మజిలీలో లోపం లేదు. అక్కడ ఆలస్యం ఎక్కువగా కనిపించి తరువాతి మజిలీలలో తగ్గినా ఇదే నియమం వర్తిస్తుంది. ఒక మజిలీ వద్ద మొదలైన నష్టం లేదా ఆలస్యం గమ్యం వరకు కొనసాగితేనే దానిని అనుమానించాలి.

అప్పుడు కూడా ఆ అనుమానం తుది నిర్ణయం కాదు. ట్రేస్‌రూట్ చూపేది వెళ్లే దారిని మాత్రమే. ప్రతి మజిలీ నుంచి సందేశం తిరిగి వచ్చే దారి దానికి కనిపించదు. పైగా లినక్స్‌లోని ట్రేస్‌రూట్ సాధారణంగా యూడీపీ ప్యాకెట్లను, విండోస్‌లోని ట్రేసర్ట్ ఐసీఎంపీ ప్యాకెట్లను వాడతాయి. ఒకే దారిలోని ఫైర్‌వాల్ ఒక రకాన్ని అనుమతించి, మరొక రకాన్ని ఆపవచ్చు. అందుకే రెండు యంత్రాల ఫలితాలు భిన్నంగా ఉండటం వింత కాదు.

7. పాక్షిక వైఫల్యాలు

పూర్తిగా తెగిన అనుసంధానం కంటే పాక్షికంగా తెగినది గుర్తించడం కష్టం. ఇందులో రెండు రకాలు ముఖ్యమైనవి.

మొదటిది ప్యాకెట్ నష్టం. విండోస్ పింగ్ మామూలుగా నాలుగు ప్యాకెట్లు మాత్రమే పంపుతుంది. దారిలో నూటికి ఒక ప్యాకెట్ పోతున్నదనుకుందాం. నాలుగు ప్యాకెట్లూ క్షేమంగా తిరిగి వచ్చే అవకాశం 0.99 నాలుగవ ఘాతం, అంటే సుమారు 96 శాతం. కాబట్టి ఆ నాలుగింటి పరీక్ష ఈ లోపాన్ని దాదాపు ఎన్నడూ పట్టుకోలేదు. వంద ప్యాకెట్లు పంపినా ఒక్కటీ పోకుండా ఉండే అవకాశం సుమారు 37 శాతం. 300 పంపితేనే అది 5 శాతానికి దిగుతుంది. నష్టాలు పరస్పర సంబంధం లేకుండా జరుగుతాయన్న అంచనాపై ఆధారపడిన లెక్క ఇది. వాస్తవంలో నష్టాలు గుంపులుగా వస్తాయి గనుక వేర్వేరు వేళల్లో పరీక్షించడం మరింత అవసరం.

ఒక శాతం నష్టం అంత పట్టించుకోదగినదా అన్న సందేహం రావచ్చు. ప్యాకెట్ పోయినప్పుడల్లా టీసీపీ దానిని రద్దీకి సూచనగా భావించి వేగం తగ్గిస్తుంది. మ్యాథిస్, అతని సహచరులు 1997లో ప్రచురించిన సూత్రం ప్రకారం, సంప్రదాయ టీసీపీ వేగం రానుపోను కాలానికి, నష్టం రేటు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. ప్యాకెట్ పరిమాణం 1460 బైట్లు, రానుపోను కాలం 100 మిల్లీసెకన్లు, నష్టం 1 శాతం అయితే ఒక సంబంధం ద్వారా లభించే వేగం సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు, అంటే 1.4 మెగాబిట్లు. మనం 100 మెగాబిట్ల సదుపాయానికి డబ్బు చెల్లిస్తున్నా ఆ ఒక్క సంబంధానికి దక్కేది ఇంతే. కొత్త టీసీపీ పద్ధతులు ఈ ప్రభావాన్ని కొంత తగ్గించినా పూర్తిగా తొలగించలేదు.

రెండవది ప్యాకెట్ పరిమాణానికి సంబంధించినది. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. మన దేశంలో అనేక గృహ ఫైబర్ అనుసంధానాలు వాడే పీపీపీఓఈ పద్ధతి 8 బైట్లు తనకోసం తీసుకుంటుంది గనుక 1492 మాత్రమే మిగులుతుంది. అంతకంటే పెద్ద ప్యాకెట్ వస్తే రౌటర్ ‘ఇది పట్టదు, చిన్నది చేసి పంపు’ అని పంపినవారికి ఐసీఎంపీ సందేశం ఇవ్వాలి. భద్రత పేరిట ఐసీఎంపీ అంతటినీ ఆపివేసిన ఫైర్‌వాల్ ఆ సందేశాన్ని కూడా మింగివేస్తుంది. అప్పుడు చిన్న ప్యాకెట్లన్నీ సాఫీగా వెళతాయి, పెద్దవి మాత్రం జాడ లేకుండా పోతాయి. పింగ్ బాగుంటుంది, పోర్టు తెరుచుకుంటుంది, కాని పేజీ సగంలో నిలిచిపోతుంది. చాలా రౌటర్లు సంబంధం ఏర్పడే సమయంలోనే పరిమాణాన్ని సరిదిద్దుతాయి గనుక ఈ సమస్య అందరికీ ఎదురుకాదు. ఎదురైనప్పుడు మాత్రం మామూలు పరీక్షలకు చిక్కదు.

దీనిని పరీక్షించే విధానం సులభమే. ముక్కలు చేయరాదన్న నిబంధనతో పింగ్‌ను పెద్ద పరిమాణంలో పంపాలి. 1472 బైట్ల సమాచారానికి 28 బైట్ల శీర్షికలు కలిస్తే 1500 అవుతుంది. పీపీపీఓఈ దారిలో 1464 వరకు వెళ్లాలి. చిన్నది వెళ్లి, 1464 కూడా వెళ్లకుండా, ఎందుకు వెళ్లలేదో చెప్పే సందేశం కూడా రాకపోతే ఈ లోపాన్ని అనుమానించవచ్చు.

8. రెండు చివరల నుంచి పరీక్ష

ఇంతవరకు చెప్పినవన్నీ వినియోగదారుని వైపు నుంచి చేసేవి. సర్వర్ నిర్వాహకులు తమ వైపు నుంచి వినియోగదారుని కంప్యూటర్‌ను పింగ్ చేసి, సమాధానం రాలేదు గనుక వినియోగదారుని ఇంటర్నెట్టే చెడిందని చెప్పడం కూడా పొరపాటే. ఇళ్లలోని కంప్యూటర్లకు సాధారణంగా 192.168తో మొదలయ్యే అంతర్గత చిరునామాలు ఉంటాయి. అవి బయటి నుంచి చేరరానివి. ఇంటర్నెట్ సంస్థలు కూడా అనేకమంది వినియోగదారులను ఒకే బాహ్య చిరునామా వెనుక ఉంచుతాయి. ఇందుకోసం 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న చిరునామాలను 2012లో ప్రత్యేకించారు. కనుక వినియోగదారుడు మొదలుపెట్టిన సంబంధాన్నే సర్వర్ పరిశీలించాలి.

అందుకు తగిన సాధనం ప్యాకెట్ల నమోదు. టీసీపీడంప్ వంటి సాధనంతో సర్వర్ వద్దకు చేరిన ప్రతి ప్యాకెట్‌ను చూడవచ్చు. వినియోగదారుడు ప్రయత్నించిన సమయంలోనే సర్వర్ వద్ద నమోదు చేస్తే మూడు స్థితులు వేరుపడతాయి. పిలుపు చేరనే లేదంటే వెళ్లే దారిలో లోపం. పిలుపు చేరి, సర్వర్ ప్రత్యుత్తరం ఇవ్వలేదంటే సర్వర్‌లోనే లోపం. ప్రత్యుత్తరం బయలుదేరినా వినియోగదారునికి అందలేదంటే సర్వర్ వైపు ఫైర్‌వాల్ గాని తిరుగుదారి గాని కారణం. ఇవతలి నుంచి ఒకే మౌనంగా కనిపించినది అవతలి నుంచి మూడు వేర్వేరు వాస్తవాలుగా కనిపిస్తుంది.

9. పరీక్షాక్రమం

పై చర్చ ఆధారంగా ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్న నిర్వాహకుడు కూడా పాటించగల క్రమం ఒకటి ఏర్పడుతుంది.

1. మరొక ప్రసిద్ధ వెబ్‌సైటు తెరుచుకుంటున్నదా? లేకపోతే దగ్గరి రౌటర్‌ను పింగ్ చేయాలి. కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే చిరునామా ఉంటే దానికి రౌటర్ నుంచి చిరునామాయే అందలేదు.

2. కావలసిన వెబ్‌సైటు పేరుకు చిరునామా దొరుకుతున్నదా?

3. ఆ చిరునామాలో 443వ పోర్టు తెరుచుకుంటున్నదా, తిరస్కరిస్తున్నదా, మౌనంగా ఉన్నదా?

4. మౌనంగా ఉంటే, మొబైల్ డేటా వంటి మరొక దారి నుంచి ఇదే ఫలితం వస్తున్నదా? ఒక దారిలో పనిచేసి మరొక దారిలో పనిచేయకపోతే సర్వర్ డౌన్ కాలేదని అక్కడికక్కడే రుజువవుతుంది.

5. పోర్టు తెరుచుకొని ధ్రువపత్రం దోషం చూపిస్తే కంప్యూటర్ తేదీ సరిగా ఉన్నదా? మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి, సక్రమమైన ధ్రువపత్రం కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది.

6. తెర మీద 500, 503 వంటి దోషసంఖ్య వచ్చిందా? ఆ సంఖ్యను పంపినది సర్వర్ గాని, దాని ముందున్న సహాయక సర్వర్ గాని. అంటే అనుసంధానం అక్కడి వరకు బాగానే ఉంది. ‘సర్వర్ డౌన్’ అన్న మాటకు నిజంగా ఆధారం దొరికే సందర్భాలలో ఇది ఒకటి.

ప్రతి ఫలితాన్నీ సమయంతో సహా రాసిపెట్టుకోవాలి. ‘సైటు రావడం లేదు’ అన్న ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఫలానా తేదీ ఉదయం 11:20కి పేరుకు చిరునామా దొరికింది, 443వ పోర్టు మౌనం, అదే సమయంలో మొబైల్ డేటాలో తెరుచుకుంది’ అన్న మూడు వాక్యాలు చూసిన ఇంజినీరు ఎక్కడ వెతకాలో వెంటనే గ్రహిస్తాడు. గడువు దాటిపోయిన దరఖాస్తుదారుడు అధికారులను ఆశ్రయించవలసి వచ్చినప్పుడు కూడా ఇటువంటి నమోదు ఒట్టి మాట కంటే బలమైన ఆధారం.

10. ముగింపు

జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్ 1980ల తొలినాళ్లలో ప్రతిపాదించిన ‘చివరి నుంచి చివరికి’ అన్న వాదం ఇంటర్నెట్ నిర్మాణానికి పునాదులలో ఒకటి. ఒక పని సరిగా పూర్తయిందో లేదో నిర్ధారించగలిగేది ఆ పనిలో పాల్గొన్న రెండు చివరలే గాని, నడుమ ఉన్న నెట్‌వర్క్ కాదని దాని సారాంశం. అనుసంధాన పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. పింగ్, ట్రేస్‌రూట్, పోర్టు పరీక్ష మొదలైనవి లోపం ఉండగల చోట్లను ఒక్కొక్కటిగా తొలగించే సాధనాలు. దరఖాస్తు చేరిందా, వేలిముద్ర సరిపోలిందా అన్న అసలు ప్రశ్నకు అసలు పని జరగడం ఒక్కటే తుది సమాధానం.

ఏ ఒక్క పరీక్షా మొత్తం సత్యాన్ని చెప్పదు. ఒక్కొక్కటి ఒక్క ప్రశ్నకే బదులిస్తుంది, ఆ బదులు వచ్చినప్పుడే దానికి సాక్ష్యం విలువ ఉంటుంది. మౌనం ఎదురైనప్పుడు చేయవలసినది తీర్పు చెప్పడం కాదు, మరొక ప్రశ్న అడగడం. ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అనే ముందు ఈ ఆరు ప్రశ్నలు అడగడానికి పది నిమిషాలు పట్టవచ్చు. ఎదురుగా నిలబడిన వ్యక్తికి ఆ పది నిమిషాలు ఒక రోజు కూలిని, కొన్నిసార్లు ఒక విద్యా సంవత్సరాన్ని కాపాడతాయి.